రెండు కళ్ల కెమెరా.. 12 వేల ప్రాజెక్టు

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎంతకు కొన్నారు?

కోపం తెచ్చుకోకండి. నేనూ కొన్నవాడినే. మా బ్యాచ్ నలుగురం తలా మూడు వేలు వేసుకుని హైదరాబాద్‌లో ఓ షాపులో 12 వేలకు కొన్నాం. పేరు మాత్రం ఘనంగా ఉండేది: ‘స్టీరియో విజన్ ద్వారా వస్తువుల దూరాన్ని కనుగొనుట’. కోడ్ ఉన్న సీడీ, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో బైండింగ్ చేసిన రిపోర్టు, వైవాలో అడిగే ఇరవై ప్రశ్నలకు జవాబులు.. అన్నీ కలిపే ఆ రేటు. నా వాటా మూడు వేలు ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బుల్లోంచి నాన్న తీసిచ్చాడు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన రిపోర్టు నాలుగు పేజీలు తిరగేసి బైండింగ్ బాగుందన్నారు. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

2018లో ఓ ఇంటర్వ్యూకు వెళ్లా. ఎదురుగా కూర్చున్నాయన నా రెజ్యూమెలో ఆ ప్రాజెక్టు పేరు చూసి ముందుకు వంగాడు. ఆయన పని కూడా అదేనట. ‘రెండు కెమెరాల మధ్య ఎంత దూరం పెట్టారు?’ అనడిగాడు. ఇది ఇరవై ప్రశ్నల్లో ఉన్నదే. ‘ఆరు సెంటీమీటర్లు సర్. మనిషి రెండు కళ్ల మధ్య దూరం దాదాపు అంతే కాబట్టి’ అన్నా ధీమాగా. ‘రోబో కళ్లు మనిషి కళ్లలాగే ఎందుకుండాలి? ముప్ఫై సెంటీమీటర్లు పెడితే ఏమవుతుంది?’

ఇరవై ప్రశ్నల్లో ఇది లేదు. ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నా. ఆయన కోప్పడలేదు, వెటకారం చేయలేదు. నా రెజ్యూమెను మెల్లగా బల్ల మీద బోర్లా పెట్టాడు, అంతే.

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఏడేళ్ల తర్వాత, మొన్న వానాకాలం వడ్ల కోతలప్పుడు, మా హుజూరాబాద్‌లో దొరికింది.

బెంగళూరులో రోబోలు తయారుచేసే చోట పనిచేస్తున్న ఫ్రెండ్ ఒకడు పండక్కి వచ్చి, కొత్తగా వచ్చిన స్టీరియో వీడియో కెమెరా ఒకటి నా చేతిలో పెట్టాడు. ‘నువ్వు బ్లాగులో రాస్తుంటవ్ కదా, నెల రోజులు వాడి ఎట్లుందో చెప్పు’ అన్నాడు. అరచేతిలో పట్టే నల్లటి కడ్డీ అది. ముందువైపు రెండు లెన్సులు, వాటి మధ్య ఆరు సెంటీమీటర్లు. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఎడమ కంటి వీడియో, కుడి కంటి వీడియో పక్కపక్కనే వస్తాయి. కంపెనీ పేరు చెప్పను. మీలో ఎవరూ దాన్ని కొనాల్సిన పని లేదు, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

నాన్నకు చిన్నారి చేతన.. నాయనమ్మకు ఏమీ లేదు

ముందుగా అందరూ చేసేదే నేనూ చేశా. ఇంటి ముందు వేపచెట్టును, గడప దగ్గర కోడిపిల్లలను వీడియో తీసి, ఫోన్ పెట్టి చూసే అట్ట డబ్బా కళ్లద్దాల్లో ఇంట్లోవాళ్లకు చూపించా. నాన్న ఒక్కసారిగా తల వెనక్కి లాక్కున్నాడు. ‘చిన్నారి చేతన’ లెక్కనే ఉన్నదన్నాడు. మలయాళంలో 1984లో వచ్చిన ‘మై డియర్ కుట్టిచాతన్’ మన దేశంలో మొదటి 3డీ సినిమా. తెలుగులో ‘చిన్నారి చేతన’గా వచ్చింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చూసిన ఆ తరం వాళ్లెవర్ని కదిపినా ఈ పేరే చెబుతారు. మన వరంగల్ కథతోనే 2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ 3డీలో వచ్చినా, నాన్నకు మాత్రం 3డీ అంటే చిన్నారి చేతనే.

తర్వాత నాయనమ్మకు పెట్టా. చాలాసేపు చూసింది. ‘ఏమున్నది బిడ్డా ఇండ్ల? కోడిపిల్లలేనాయె. నాకేం కొత్తగ కనవడ్తలేదు’ అంది. అట్ట డబ్బాను అటూ ఇటూ తిప్పి, బొమ్మ సరిచేసి మళ్లీ పెట్టా. అదే మాట. అప్పుడు గుర్తొచ్చింది.. ఆమె ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత. రెండు బొమ్మల్లో ఒకటి ఆమెకు అందడమే లేదు.

ఒక పని చేయండి. బొటనవేలిని ముఖానికి జానెడు దూరంలో నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనక గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. చేయి పూర్తిగా చాపి చూడండి, గెంతు తగ్గుతుంది. వీధి చివరి కరెంటు స్తంభమైతే గెంతదనే అనిపిస్తుంది. దగ్గరి వస్తువు ఎక్కువ జరుగుతుంది, దూరపుది తక్కువ. ఈ తేడానే మెదడు లోతుగా మార్చుకుంటుంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే, ఇంకా ఫొటోలు జనంలోకి రాకముందే, చేత్తో గీసిన రెండు బొమ్మలను రెండు అద్దాల సాయంతో ఒక్కో కంటికి ఒక్కోటి చూపించి ఈ సంగతి రుజువు చేశాడు. ఆ తేడాకు ఇప్పుడు మన పుస్తకాల్లో ఉన్న పేరు డిస్పారిటీ. రెండు లెన్సుల మధ్య దూరానికి పేరు బేస్‌లైన్. నా బంగారు అక్షరాల రిపోర్టులో ఈ రెండు మాటలూ ఉన్నాయి. నేను చదవలేదు, అంతే.

వీడియో చూడ్డం వరకైతే మా ఇంట్లో సంబరం రెండు రోజుల్లో తీరిపోయింది. లోకం కథా ఇదే. 2009లో ‘అవతార్’ వచ్చాక ఇంటింటా 3డీ టీవీయే అన్నారు. 2017 వచ్చేసరికి పెద్ద కంపెనీలు వాటి తయారీయే ఆపేశాయి. ఇప్పుడు ఐఫోన్‌లో స్పేషియల్ వీడియో అనీ, తలకు తగిలించుకునే హెడ్‌సెట్లనీ మళ్లీ హడావుడి మొదలైంది. అది నిలుస్తుందో లేదో మీరు, నేను బెంగపడాల్సిన విషయం కాదు. 3డీ వీడియో తీయడం నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని ఎవరైనా కోర్సు ఫీజు అడిగితే మాత్రం జేబు గట్టిగా పట్టుకోండి. ఈ కెమెరా ఉద్యోగం ఇచ్చేది వేరేచోట. అది లోతు చూపించడంలో కాదు, కొలవడంలో ఉంది.

యూరియా బస్తా, సుద్దముక్క, టేపు

మూడో రోజు పొద్దున్నే ఇంటి ముందు సీసీ రోడ్డు మీద సుద్దముక్కతో గీతలు గీశా. ఒక మీటరు, రెండు, ఐదు, పది, పదిహేను. ఒక్కో గీత మీద యూరియా బస్తా నిలబెట్టి, టేపు ఎంత చెబుతోందో, కెమెరా ఎంత చెబుతోందో రాసుకుంటూ పోయా. బస్తానే ఎందుకంటే దాని నిండా అచ్చు అక్షరాలుంటాయి. ఎడమ బొమ్మలోని ఏ చుక్క కుడి బొమ్మలో ఎక్కడుందో కంప్యూటర్ వెతుక్కోవాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక గుర్తు ఉండాలి కదా. పాలు తీసుకుని పోయేవాళ్లు ఆగి, ‘జాగ కొలుస్తున్నరా?’ అని అడిగి వెళ్లారు. మా వీధిలో టేపు కనిపిస్తే అందరికీ మొదట వచ్చే అనుమానం అదే.

మీటరు దగ్గర కెమెరా 1.01 అంది. రెండు మీటర్లకు 2.05. శభాష్ అనుకున్నా. ఐదు మీటర్లకు 5.3. పదికి వచ్చేసరికి ఒక ఫ్రేములో 9, ఇంకో ఫ్రేములో 11 పైన. బస్తా కదల్లేదు, కెమెరా కదల్లేదు, అంకె మాత్రం కప్పలా గెంతుతోంది. పదిహేను దగ్గర ఇక చెప్పనే వద్దు.

మొదట కెమెరా పాడైందనుకున్నా. తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నా. లెక్క ఇంటర్ పిల్లలు చేసేదే. పిక్సెళ్లలో చెప్పిన ఫోకల్ లెంగ్త్‌ను బేస్‌లైన్‌తో గుణించి, డిస్పారిటీతో భాగిస్తే దూరం వస్తుంది. నా కెమెరా ఫోకల్ లెంగ్త్ దాదాపు 700 పిక్సెళ్లు, బేస్‌లైన్ 0.06 మీటర్లు. గుణిస్తే 42. అంటే మీటరు దూరంలోని వస్తువు రెండు బొమ్మల మధ్య 42 పిక్సెళ్లు జరుగుతుంది. రెండు మీటర్లకు 21. పది మీటర్లకు 4.2. ఇరవై మీటర్లకైతే రెండంటే రెండు పిక్సెళ్లు. ఇప్పుడు ఆ చుక్కను వెతకడంలో కంప్యూటర్ సగం పిక్సెల్ పొరబడిందనుకోండి. మీటరు దగ్గర ఆ పొరపాటు విలువ సెంటీమీటరు పైచిలుకు. పది మీటర్ల దగ్గర అదే సగం పిక్సెల్ 1.2 మీటర్లు! దూరం పదింతలైతే తప్పు వందింతలు. నా పట్టికలో కప్ప గెంతులన్నీ ఈ ఒక్క లెక్కలో ఒదిగిపోయాయి. ఆ పొద్దున నేను సుద్దముక్క పట్టుకుని రోడ్డు మీదే కూలబడిపోయా, నిజంగా.

మరి బేస్‌లైన్ ముప్ఫై సెంటీమీటర్లు పెడితే? 42 కాస్తా 210 అవుతుంది. పది మీటర్ల దగ్గర తప్పు 1.2 మీటర్ల నుంచి 24 సెంటీమీటర్లకు దిగుతుంది. అయితే అందరూ ముప్ఫయ్యే పెట్టొచ్చు కదా? పెట్టలేరు. అర మీటరు దగ్గర్లో ఉన్న వస్తువు అప్పుడు 420 పిక్సెళ్లు జరుగుతుంది, అంటే నా కెమెరా బొమ్మ వెడల్పులో మూడో వంతు. ఒక కంటికి కనిపించిన వైపు రెండో కంటికి కనిపించకుండా పోతుంది, పోలిక కుదరదు. చేతితో కప్పు అందుకునే రోబోకు దగ్గరి కళ్లు కావాలి. రోడ్డు మీద దూరంగా ఉన్న బండిని చూసే కారుకు ఎడం కళ్లు కావాలి. జపాన్‌లో సుబారు కార్లలో 2008 నుంచి ఉన్న ‘ఐసైట్’ వ్యవస్థలో రెండు కెమెరాలు అద్దం దగ్గర ఎడంగా అందుకే కూర్చున్నాయి.

ఇంతే. ఏడేళ్ల కింద నేను చెప్పలేకపోయింది ఈ ఐదారు వాక్యాలే. వీటికి 12 వేలు అక్కర్లేదు, సుద్దముక్క చాలు.

కెమెరా అబద్ధాలు

అక్కడితో ఆగకుండా, దీన్ని ఎక్కడెక్కడ మోసం చేయొచ్చో చూద్దామని బయల్దేరా. ఇంటి వెనక కొత్తగా సున్నం వేసిన గోడకు చూపిస్తే దూరాల బొమ్మలో గోడ ఉన్నచోట పెద్ద బొక్క. తెల్లటి గోడలో ఏ చుక్కను ఏ చుక్కతో పోలుస్తుంది పాపం? (రియల్‌సెన్స్ లాంటి కొన్ని కెమెరాలు మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలను గోడ మీద చల్లి, వాటినే గుర్తులుగా వాడుకునేది ఇందుకే.) గుడి గేటు ఊచలకు చూపిస్తే ఇంకో తమాషా. అన్ని ఊచలూ ఒకేలా ఉంటాయి కాబట్టి మూడో ఊచను నాలుగో ఊచతో జత కట్టి, గేటు సగం ముందుకు, సగం వెనక్కి ఉందని చెప్పింది. కాకతీయ కాలువ గట్టు మీదికి తీసుకెళ్తే, నిలకడ నీళ్ల మీద కాకుండా నీళ్లలో కనిపించే తుమ్మచెట్టు నీడ ఎంత లోతుందో అంత దూరం చెప్పింది. ఆ మాటే నమ్మి నడిచే రోబో అయితే కాలువలోకి నేరుగా దిగిపోయేది.

బస్సు సంగతి చెప్పాలి. ఈ కెమెరాలో రెండు లెన్సులూ ఒకే క్షణంలో ఫ్రేము పట్టుకుంటాయి. అది ఎంత గొప్ప విషయమో తెలుసుకోవాలని, రెండు మామూలు వెబ్‌క్యామ్‌లను స్టీలు స్కేలుకు టేపుతో అంటించి, కరీంనగర్ రోడ్డు పక్కన నిలబడ్డా. ఆగి ఉన్న బస్సుకు బాగానే పనిచేసింది. కదిలే బస్సు మాత్రం కాసేపు నా ముక్కు మీద, కాసేపు ఊరి అవతల ఉన్నట్టు చూపించింది. లెక్క వేస్తే నవ్వొచ్చింది. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. రెండు వెబ్‌క్యామ్‌లకు మధ్య ఒక్క ఫ్రేము తేడా వచ్చినా, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆ లోపు 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది. కెమెరాల మధ్య దూరమే ఆరు సెంటీమీటర్లు! ఖరీదైన కెమెరాకూ చవక వెబ్‌క్యామ్‌కూ తేడా ఎక్కడుందో అప్పుడు నాకు అర్థమైంది. లెన్సు మెరుపులో కంటే లోపలి గడియారంలో ఎక్కువ ఉంది.

చివరగా వడ్ల కుప్ప. మా పక్కింటి రైతు, నాకు వరసకు కాక అవుతాడు. కొనుగోలు కేంద్రంలో ఆయన వడ్లు ఆరబోసి కుప్ప చేశాడు. దాని ఘనపరిమాణం కొలిచి బస్తాలు చెబుదామని నా ఆలోచన. ఒక బస్తా వడ్లు ఎంత చోటు పడతాయో ముందే బకెట్‌తో కొలుచుకున్నా. మూడు మీటర్ల దూరం నుంచి తీసి లెక్కేస్తే 44 బస్తాలని వచ్చింది. కాక నవ్వాడు. ‘అరవైకి ఒకటి అటో ఇటో’ అన్నాడు, కుప్ప వంక ఒక్కసారి చూసి. నా కెమెరాకు కుప్ప వెనకవైపు కనిపించలేదని అప్పుడు తట్టింది. అటుపక్క నుంచి కూడా తీసి రెండూ కలిపితే 63. తూకం అయ్యాక తేలింది 61. ‘గింత సామాను ఎందుకు బిడ్డా? అడిగితె నేను చెప్పకపోదునా?’ అన్నాడు కాక.

ఆయన మాట నిజమే. ఆ ఒక్క కుప్పకు నా కెమెరా దండగ. కానీ ఆయన కన్ను ఒక్క మనిషి దగ్గరే ఉంది. వందల కుప్పలున్న చోటుకు ఆయన వెళ్లలేడు. ఇలాంటి చోటే ఈ విద్యకు పని దొరుకుతుంది. ‘స్వామిత్వ’ పథకం కింద 2020 నుంచి ఊళ్ల మీద డ్రోన్లు తిరుగుతూ ఇళ్ల హద్దులు కొలుస్తున్నాయి కదా, వాటికి రెండు కళ్లు లేవు. ఉన్న ఒక్క కెమెరాతోనే ఎగురుతూ ఒకదాని మీద ఒకటి పడేలా ఫొటోలు తీస్తాయి. రెండు ఫొటోల మధ్య డ్రోన్ ఎంత కదిలిందో అదే బేస్‌లైన్. ఇంకా పైకెళ్తే, 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలుండేవి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి చూసేవి. ముందు కెమెరా చూసిన నేలనే ఉపగ్రహం కాస్త ముందుకెళ్లాక వెనక కెమెరా చూసేది. ఆకాశంలో నడకనే కళ్ల మధ్య ఎడంగా మార్చుకున్నారన్నమాట. 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి గుట్టల ఎత్తులు తీయాలంటే ఆరు సెంటీమీటర్లు ఏ మూలకు? చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్‌కు మాత్రం ముందు రెండు నావిగేషన్ కెమెరాలు పక్కపక్కనే పెట్టారు, అది చూడాల్సింది తన ముందున్న రాళ్లూ గుంతలే కాబట్టి. ఆ రెండు కళ్ల ఫొటోలతో చేసిన విక్రమ్ ల్యాండర్ 3డీ బొమ్మను ఇస్రో 2023 సెప్టెంబర్‌లో విడుదల చేసింది. ఎరుపు, సయాన్ కళ్లద్దాలుంటే మీరూ చూడొచ్చు.

ఇదంతా చదివి మీలో ఒకరైనా అంటారు: ‘అన్నా, ఇప్పుడు ఏఐ ఒక్క ఫొటో నుంచే లోతు చెప్పేస్తోంది, రెండు కళ్లు ఎందుకు?’ మంచి ప్రశ్న. మిడాస్, డెప్త్ ఎనీథింగ్ లాంటి మోడళ్లు నేనూ వాడి చూశా. అద్భుతంగా ఉంటాయి. అవి మా నాయనమ్మ లాంటివి. ఒంటి కంటితోనే ఆమె సాసర్లోకి చుక్క ఒలకకుండా చాయ్ పోస్తుంది, డెబ్భై ఏళ్ల అలవాటు మరి. ఏ వస్తువు ఎంతుంటుందో, ఏది దేనికి అడ్డొస్తుందో చూసి దూరం పోల్చుకుంటుంది. మోడల్ చేసేదీ అదే, లక్షల ఫొటోలు చూసిన అలవాటుతో అంచనా. కానీ మా చౌరస్తాలో నాయకుల నిలువెత్తు ఫ్లెక్సీలకు ఎన్నడూ కొదవ ఉండదు. ఒక ఫ్లెక్సీని ఫొటో తీసి మోడల్‌కు ఇస్తే, నాయకుడు చేతులు జోడించి బ్యానర్ ముందుకొచ్చి నిలబడ్డట్టే చెప్పింది. రెండు కళ్ల కెమెరా మాత్రం గుడ్డ బల్లపరుపుగా ఉందని చెప్పింది. రెండింట్లో ఏది ఎక్కడ బోల్తా పడుతుందో తెలిసినవాడు కావాలి కంపెనీలకు. ఒక్కటే తెలిసినా, ఏదీ తెలియకపోయినా ఇబ్బందే.

కొనడం మీ ఒక్కరి తప్పా?

కాదు. ఈ మాట గట్టిగానే అంటా. ల్యాబులో ఉన్న రెండు కెమెరాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి. గైడ్‌కు ఇరవై బ్యాచ్‌లు. మధ్యలో మిడ్‌లు, బ్యాక్‌లాగ్‌లు, ఇంటికి డబ్బులడగలేని మొహమాటం. అన్నిటికంటే పెద్ద జబ్బు, ప్రాజెక్టు ‘పనిచేయాలి’ అనే షరతు. పది మీటర్ల దగ్గర తప్పు చెప్పిన ప్రాజెక్టును ‘ఫెయిల్’ అంటారు. అందుకే అందరూ మీటరు లోపలే డెమో చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. నా సీడీలోని డెమో వీడియో కూడా మీటరు లోపలిదే. మొన్న బయటకు తీసి చూశా. ఎక్కడ తప్పు చెబుతుందో కొలిచి, ఎందుకో రాసిన విద్యార్థికి ఎక్కువ మార్కులు వేయాలి మన కాలేజీలు. అలా వేసిన రోజున సీడీల షాపులకు గిరాకీ దానంతటదే తగ్గుతుంది. అంతవరకూ తప్పు వాళ్లదీ, మనదీ కలిపే. కాకపోతే ఇంటర్వ్యూ గదిలో కుర్చీ మీ ఒక్కరికే వేస్తారు.

ఇప్పుడు సీడీ కూడా అక్కర్లేదు. చాట్‌బాట్‌ను అడిగితే అదే కోడ్ పది నిమిషాల్లో రాసిస్తుంది. రాయించుకోండి, నేనూ రాయించుకుంటా, తప్పేం లేదు. కానీ మీ వీధిలో బస్తా ఎక్కడ గెంతిందో అది రాసివ్వలేదు. అది మీరే కొలవాలి.

దానికి కెమెరా కొనక్కర్లేదని మొదట్లో అన్నా కదా. కదలని వస్తువులకైతే మీ ఫోనే చాలు. బల్ల మీద స్టీలు స్కేలు పెట్టి, ఫోన్‌ను దానికి ఆనించి ఒక ఫొటో, ఆరు సెంటీమీటర్లు పక్కకు జరిపి ఇంకోటి. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయడం మరిచిపోవద్దు. ఓపెన్ సీవీ ఉచితం. చదరంగం గడుల కాగితం జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీసి పరీక్ష అట్టకు అంటించి, పాతిక ముప్ఫై కోణాల్లో ఫొటోలు తీస్తే కెమెరా సంగతులన్నీ అదే లెక్కగడుతుంది. ఇక్కడ నేను పడ్డ రెండు గుంతలు చెబుతా. మొదటిది, జిగురు తడికి కాగితం ఉబ్బింది. కంటికి కనిపించనంత ఉబ్బే, లెక్క మొత్తం చెడింది. తర్వాత గాజు పలక మీద అంటించా. రెండోది, ప్రింటర్ ‘ఫిట్ టు పేజ్’ అని గడిని 25 మిల్లీమీటర్లకు బదులు 24కు కుదించింది. నేను ప్రోగ్రాంలో 25 అనే ఇచ్చా. దూరాలన్నీ నాలుగు శాతం ఎక్కువొచ్చాయి. రెండు రోజులు కోడ్ వెతికి, మూడో రోజు గడిని స్కేలుతో కొలిచా.

మా వీధిలోనే బీటెక్ మూడో ఏడు చదివే అమ్మాయి ఒకరు నా సుద్ద గీతలు చూసి, ఏంటని అడిగి, తన ఫోన్‌తో ఇదే మొదలుపెట్టింది. మొదటి వారం మూడు మీటర్ల దగ్గర 40 సెంటీమీటర్ల తప్పు. ఫోన్ కెమెరాలో పిక్సెళ్లు ఎక్కువ కాబట్టి అంత రాకూడదు, రెండు మూడు సెంటీమీటర్లే రావాలి. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. జరిపేటప్పుడు ఫోన్ ఒక డిగ్రీలో ఆరో ఏడో వంతు పక్కకు తిరిగినా చాలు, ఈ తప్పు వచ్చేస్తుంది. ‘అన్నా, ఈ తప్పుల పట్టికనే ప్రాజెక్టుగ పెడితె మార్కులేస్తరా?’ అని అడిగింది. వేస్తారో లేదో నాకు తెలియదనే చెప్పా. అబద్ధం చెప్పి ఏం లాభం?

నిన్న రాత్రి తన నుంచి మెసేజ్ వచ్చింది. ఫోన్ జారడానికి రెండు స్కేళ్ల మధ్య సందు చేసిందట. 40 కాస్తా 6కు దిగింది. కింద ఇంకో లైను: ‘అన్నా, మూడు రావాలె కదా, ఇంక ఆరెందుకు వస్తున్నది?’